చెల్లెలి కత్తిపీట

సూర్యాపేట,
9 జూన్ 2025

చిరంజీవి వందనకు మేనమామ ఏసుపాదం ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మూడు రోజులు పెన్ను జేబులో పెట్టుకుని తిరిగాను. అది కారి చొక్కా పాడైంది. సిరా ఎటూ బయటికొచ్చింది కదా అని ఇప్పుడు కూర్చున్నాను.

పోయిన వారం నువ్వు ఫోన్ చేస్తే మీ అమ్మ దాన్ని తెచ్చి నా చెవికి ఆనించింది. నాకు అందులో వినపడింది పిండిగిర్ని చప్పుడు. తర్వాత మీ అమ్మ, మా ఎస్తేరు, అరిచి చెప్పిన దాన్నిబట్టి, సర్కారు పోలీసులందరినీ నర్సులుగా మారుస్తున్నదని అర్థమైంది. "నీ కోడలు గట్లనే చెప్పింది" అని గట్టిగా నిలబడింది. పోలీసులు సూదులు వేసే రోజొస్తే నేను దవాఖానకు పోవడం మానేస్తాను. అసలు సంగతేమిటో కాగితం మీద రాయి. కాగితం మీది మాట నాకు ఇప్పటికీ బాగానే వినపడుతుంది.

మేం బాగున్నాం. అలా రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ అన్న సాంసన్‌కు మళ్ళీ మొదలైంది. మున్సిపాలిటీలో నల్లా నీళ్ళు వదిలే పని చేసిన రెండేళ్ళు వాడి బుర్రలో అట్లాగే ఉండిపోయాయి. పొద్దున్నే లేచి, నీళ్ళు అయిపోతాయని కాలనీలో నల్లాలన్నీ కట్టేసి వస్తున్నాడు. బిందె సగంలో ఉండగా నల్లా కట్టేస్తే ఎవరూరుకుంటారు? నిన్న ఎదురింటి నర్సమ్మ చీపురెత్తి, "ఇంకోసారి వస్తే వంద నంబర్‌కు ఫోన్ కొడత" అన్నది. కొట్టలేదు. కొడితే ఏమవుతుందో ఆమెకూ తెలుసు.

నాకిప్పుడు పని లేదు. పోలీసు స్టేషన్ ముందు రేకుల కింద ముప్పై ఒక్క ఏళ్ళు జనానికి దరఖాస్తులు రాసిపెట్టాను. ఇప్పుడు లోపల ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, వాళ్ళు చెప్పిందే టైపు చేస్తున్నదట. మంచిదే. నాది ఐదో తరగతి చదువు, మిగతాది పల్లీల పొట్లాలు విప్పి నేర్చుకున్నది. నా రాతకు పోలీసులు దడుచుకునేవారంటే ఆ అమ్మాయి నమ్మదు.

మీ అమ్మ కూరగాయలు ఇప్పటికీ మా ఇంట్లోనే కోస్తున్నది. మీ ఇంట్లో చాకు గానీ కత్తిపీట గానీ ఉండకూడదని పదకొండేళ్ళ కింద నువ్వు పెట్టిన నియమం కదా. కోసినవి గిన్నెలో వేసుకుని, కొంగు కప్పి, నాలుగిళ్ళు దాటి పోతుంది. నా ఇల్లంతా ఉల్లిగడ్డ వాసన. భార్య పోయిన మనిషి ఇన్నేళ్ళకూ రోజూ కన్నీళ్ళు పెట్టుకుంటాడని కాలనీలో నాకు మంచి పేరొచ్చింది.

జవాబు రాయి. కాళ్ళు నొప్పులు తప్ప వేరే విశేషం లేదు.

నీ మామయ్య,
ఏసుపాదం


కోదాడ,
17 జూన్ 2025

మామయ్యా, నమస్తే.

పోలీసులు నర్సులు కావడం లేదు. అమ్మకు నేను చెప్పిందొకటి, నీకు చేరిందొకటి.

ఇక్కడ ఏడు నెలల నుంచి ఒక పద్ధతి నడుపుతున్నాం. వంద నంబర్‌కు వచ్చే ఫోన్లలో సగం దొంగతనాలూ కావు, కొట్లాటలూ కావు. తాగి రోడ్డు మీద పడ్డవాళ్ళు, మనసు బాగాలేనివాళ్ళు, ముసలివాళ్ళకు అన్నం పెట్టని ఇళ్ళు. అక్కడికి లాఠీతో పోయి మేం చేయగలిగింది లేదు. అందుకని అలాంటి చోటికి ముందు నర్సు పోతుంది. ఆమె పిలిస్తేనే మేం పోతాం.

మీ కాలనీలో పోలీసు ఔట్‌పోస్టు కట్టాలని నిధులు వచ్చాయి. ఔట్‌పోస్టు వద్దు, ఆ డబ్బుతో పాత కమ్యూనిటీ హాలులో నర్సు గది పెట్టండని నేను ఆరుసార్లు రాసిన. ఆరోసారి ఒప్పుకున్నరు. జూలై ఒకటి నుంచి ఉషారాణి అనే నర్సు వస్తుంది. మంచి మనిషి. అన్న సంగతి ఆమెకు చెప్పిన. అతను నాకు అన్న అవుతాడని పై అధికారులకు కూడా రాసిచ్చిన.

ఒక్క నియమం ఉంది. ఆయుధం పట్టిన రికార్డు ఉన్న ఇంటికి నర్సు ఒంటరిగా పోవద్దు, పోలీసు బండి వెంట ఉండాలి. ఆ నియమం రాసింది నేనే. మన ఇల్లు ఆ జాబితాలో ఉంది. అమ్మను భయపడొద్దని చెప్పు.

కాళ్ళకు కొబ్బరినూనె రాసుకో.

నీ కోడలు,
వందన


సూర్యాపేట,
6 జూలై 2025

చిరంజీవి వందనకు,

కొబ్బరినూనె రాసుకున్నాను. జారిపడలేదు. అదొక్కటే శుభవార్త.

మీ నర్సు గది తెరిచారు. ఆ హాలులో ఇదివరకు టెంట్ హౌసు కుర్చీలు పెట్టేవారు. వాటిని తీయించి, గోడలకు లేత నీలం రంగు వేశారు. ఉషారాణి మొదటి రోజే ఎదురింటి నర్సమ్మకు షుగర్ చూసింది, తాగుబోతులిద్దరిని కూర్చోబెట్టి మాట్లాడింది. తాగుబోతుతో కూర్చుని మాట్లాడే మనిషిని సర్కారు జీతమిచ్చి పెడుతుందని నేననుకోలేదు. నా కాలంలో ఆ పని నేను ఉచితంగా చేసేవాణ్ణి.

మూడో తారీఖు పొద్దున మనింటికి వచ్చింది. నియమం ప్రకారమే వచ్చింది. ఆమె చేతిలో మందుల పెట్టె ఉంది, వెనక జీపు ఉంది. నువ్వు దాన్ని ఇన్నోవా అంటావు. పోలీసులు దిగే బండి ఏదైనా నాకు జీపే. మీ అన్నకు కూడా అంతే. వాడికి మందుల పెట్టె కనపడలేదు. అన్నం ముందు నుంచి లేచి, పెరటి గోడ దూకి పోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఉషారాణి గడపలో నిలబడి ముఖం చిన్నబుచ్చుకున్నది. "తాతా, నేనొక్కదాన్నే వచ్చేదాన్ని. రూలు ఒప్పుకోదు" అన్నది. పాపం, ఆ రూలు రాసింది ఈ ఇంటి ఆడబిడ్డేనని నేను చెప్పలేదు.

రెండు రోజులు దొరకలేదు. మీ అమ్మ అన్నం ముట్టలేదు. నిన్న గరిడేపల్లి దగ్గరి తండా నుంచి పాండు అనే ఆటో అతను తీసుకొచ్చి దింపాడు. ఎక్కడ దొరికాడో చెప్తే ఆశ్చర్యపోతావు. మిర్యాలగూడలో, నువ్వు ఇంటర్ చదివిన హాస్టల్ గేటు ముందట. అక్కడి దాకా నడిచిపోయాడు. గేటు పక్కన నల్లా కట్టేసి కూర్చున్నాడట. "చెల్లె బయటికొస్తది, నేను తీస్కపోత" అంటున్నాడట. అరికాళ్ళు పుండ్లయ్యాయి. మందు రాద్దామంటే నర్సు రావాలి. నర్సు రావాలంటే జీపు రావాలి.

మీ పద్ధతి మంచిదే బిడ్డా. మనింటి గడప దగ్గరే తిరగబడింది.

మామయ్య,
ఏసుపాదం


కోదాడ,
13 జూలై 2025

మామయ్యా,

నీ ఉత్తరం స్టేషన్‌లో చదివిన. మళ్ళీ క్వార్టర్స్‌కు పోయి చదివిన.

హాస్టల్ గేటుకు అన్న రావడం ఇది మొదటిసారి కాదు. పదకొండేళ్ళ కింద, ఆ గొడవ జరిగిన నెలకు, ఒకసారి వచ్చిండు. నాకప్పుడు పదిహేడేళ్ళు. అమ్మ మీదికి కత్తి తీసిండని అప్పటికే విన్న. గేటు తీయొద్దని వాచ్‌మన్‌కు నేనే చెప్పిన. పైకిటికీ నుంచి చూస్తూ నిలబడ్డ. సాయంత్రం దాకా ఉండి, నల్లా కట్టేసి పోయిండు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నీకే రాస్తున్న.

నియమాన్ని తప్పుపట్టకు. మార్చిలో ఇక్కడ ఒక నర్సుకు మెడ మీద తొమ్మిది కుట్లు పడ్డాయి. ఆ నియమం అప్పుడు రాసిందే. నా ఇల్లు కాబట్టి దాన్ని మార్చలేను.

ఒక దారి ఉంది. పదకొండేళ్ళలో అన్న మీద ఇంకే కేసూ లేదు. అప్పుడు అతని మీద తెరిచిన రౌడీషీటును మళ్ళీ పరిశీలించమని అడగొచ్చు. దానికి మొదటి ఫిర్యాదు కావాలి. స్టేషన్‌లో ఉన్నది వాననీళ్ళకు తడిసి పనికిరాకుండా పోయిందట. అమ్మ వేలిముద్ర పెట్టిన ఆ దరఖాస్తు రాసింది నువ్వే. రాసిన ప్రతి కాగితానికీ కార్బన్ కాపీ రేకుపెట్టెలో దాచే అలవాటు కదా నీకు. అది పంపు. ఆ రోజు సరిగ్గా ఏం జరిగిందో అందులో ఉంటుంది.

అమ్మనడిగితే కత్తి లేదనే అంటుంది. స్టేషన్‌కు వచ్చే ప్రతి తల్లీ అదే అంటుంది. నేను నీ చేతిరాతనే నమ్మిన.

నీ కోడలు,
వందన


సూర్యాపేట,
25 జూలై 2025

చిరంజీవి వందనకు,

ఆలస్యమైంది. కళ్ళద్దాల కాడ విరిగింది, దారం కట్టుకున్నాను.

కార్బన్ కాపీలంటే గుర్తొచ్చింది. మోతె దగ్గరి తండా నుంచి మంగ్త్యా అని ఒకతను వచ్చేవాడు. ఒకసారి వాడి మేక పోయింది. వాడి దగ్గరున్నవి రెండే మేకలు, పోయింది పాలిచ్చేది. స్టేషన్‌లో చెప్తే, "మేకను వెతకడానికి మేమేమన్నా కాపరులమా" అన్నారు. వాడొచ్చి నా స్టూలు పక్కన నేల మీద కూలబడ్డాడు. నేను దరఖాస్తు రాశాను. ముసుగులు కట్టుకున్న నలుగురు, మారణాయుధాలతో వచ్చి, అతన్ని చంపుతామని బెదిరించి, మేకను ఎత్తుకుపోయినట్టు. వాడికి చదివి వినిపిస్తే వాడే భయపడ్డాడు. "నలుగురా, అయ్యా? నేను సూడలే" అన్నాడు. అరగంటలో జీపు కదిలింది. మేక పక్కింటి కొట్టంలో దొరికింది. పక్కింటి వాడికి మాత్రం రెండు దెబ్బలు పడ్డాయి. ముసుగు ఎక్కడ దాచావని అడిగారట.

ఆ రోజుల్లో అట్లా ఉండేది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరూ కుర్చీలోంచి లేవరు. మనిషికి సాయం కావాలి, సాయానికి వేరే ఆఫీసు లేదు, ఉన్నది ఆ ఒక్క జీపు. ఆ జీపు కదలాలంటే ఏదో ఒకటి రాయాలి.

ఇంతకూ నువ్వడిగిన కాగితం. ఆ పెట్టెకు చెదలు పట్టాయి. చూస్తాను.

సాంసన్ కాళ్ళు ఒక మోస్తరుగా ఉన్నాయి. మీ అమ్మ పసుపు రాస్తున్నది. ఈ వారం వంకాయలు పుచ్చులు.

మామయ్య,
ఏసుపాదం


కోదాడ,
2 ఆగస్టు 2025

మామయ్యా,

మేక కథ బాగుంది. నేనడిగింది మేక గురించి కాదు.

చెదలు పట్టాయన్న మాట నేను నమ్మను. అమ్మ నీ రేకుపెట్టె మీదనే కూర్చుని కూరగాయలు కోస్తుంది. క్రిస్మస్‌కు తీసిన ఫోటోలో చూసిన. పెట్టె గట్టిగనే ఉంది.

నువ్వెందుకు దాస్తున్నవో నాకు అర్థమైంది. నాకు చెప్పినదానికంటే పెద్దదే ఏదో ఆ కాగితంలో ఉంది. అమ్మకు దెబ్బ తగిలి ఉంటుంది. మీ ఇద్దరూ కలిసి నా నుంచి దాచిండ్రు. ఇన్నేళ్ళు అమ్మను అతనితో ఒక్క ఇంట్లో ఉంచి నేను ఇక్కడ ఊళ్ళోవాళ్ళను కాపాడుతున్న. అది తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్న. అన్నను హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో చేర్చడానికి మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు ఇస్తున్న. తల్లి మీదికి ఆయుధంతో పోయిన రికార్డు ఉంది కాబట్టి ఆర్డర్ వస్తుంది. పద్నాలుగో తారీఖు బండి వస్తుంది. ఎప్పుడు తిరిగి పంపుతరో చెప్పలేను. అమ్మకు ముందే చెప్పకు. చెప్తే మళ్ళీ గోడ దూకిస్తుంది.

నీ కోడలు,
వందన


సూర్యాపేట,
5 ఆగస్టు 2025
రిజిస్టర్ పోస్టు

వందనా,

పోస్టాఫీసు పదింటికి తెరుస్తారు. ఇప్పుడు ఎనిమిదిన్నర. ఈసారి చుట్టూ తిరగను.

నువ్వడిగిన కార్బన్ కాపీ ఇందులో పెట్టాను. చెదలు లేవు. చదువుకో. "నా కుమారుడు సాంసన్ కత్తి చేతబట్టి నన్ను చంపుతానని పైబడగా" అని ఉంటుంది. చక్కటి అక్షరాలు. అందులో కత్తి నేను పెట్టింది.

ఆ రోజు జరిగింది ఇది. సాంసన్ నాలుగు రోజులుగా గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాడు. తినలేదు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఏడవడం లేదు, మాట్లాడటం లేదు. మీ అమ్మ తలుపు దగ్గర కూర్చుని పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, మనిషి రానంటే మేం ఎత్తుకుపోలేము, పోలీసులను తెచ్చుకోండి అన్నారు. స్టేషన్‌కు పోతే, నేరమేముంది, మేమెందుకు రావాలి అన్నారు. మీ అమ్మ నా దగ్గరికొచ్చి, "అన్నా, ఎట్లనన్న జేసి నా కొడుకును దవాఖానకు పంపియ్యి. సచ్చిపోతడు" అన్నది.

నేను ఎప్పుడూ రాసేదే రాశాను. పెద్దగా ఆలోచించలేదు. కూరలో ఉప్పేసినట్టు చెయ్యి దానంతటదే వేసింది. మీ అమ్మకు చదివి వినిపించలేదు. "దవాఖానకు తీస్కపోతరా?" అని అడిగింది. తీసుకుపోతారన్నాను. వేలిముద్ర వేసింది.

జీపు అరగంటలో వచ్చింది. తలుపు పగలగొట్టారు. లోపల వాడు గోడకానుకుని కూర్చుని ఉన్నాడు, చేతిలో ఏమీ లేదు. కత్తి ఎక్కడ దాచావని అడిగారు. లేని కత్తి చూపించడానికి వాడేం చేస్తాడు? మూడు రోజులు స్టేషన్‌లో ఉంచారు. దవాఖానకు తీసుకుపోలేదు. వాడి ఎడమ మణికట్టు వంకర ఎట్లా వచ్చిందని నువ్వొకసారి అడిగితే, బావి దగ్గర పడ్డాడని చెప్పాను. ఆ అబద్ధం కూడా నాదే.

మీ అమ్మ నీకు నిజమే చెప్పింది. నువ్వు నా అక్షరాలను నమ్మావు.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతావు. తప్పుడు ఫిర్యాదు అంటే మీ అమ్మ వేలిముద్ర మీద కేసు అవుతుందని భయపడ్డాను. తర్వాత నువ్వు పోలీసువయ్యావు. ఆ తర్వాత భయం కూడా పాతబడి, అలవాటైంది. రోజూ మీ అమ్మ వచ్చి నా కళ్ళ ముందు ఉల్లిగడ్డలు కోస్తుంటే, నాకు కళ్ళనీళ్ళు రావడానికి ఒక కారణం దొరికేది.

ఇంకొకటి. మీ జాబితాలో మా కాలనీవి ఎన్ని ఇళ్ళున్నాయని ఉషారాణిని అడిగాను. పంతొమ్మిది అన్నది. నిన్న పెట్టె ముందేసుకుని చూశాను. అందులో పదహారు కత్తులు నావే. ఈ కాలనీలో అన్ని కత్తులు నిజంగా ఉంటే చాకులు సాన పట్టేవాడు ఇక్కడే ఇల్లు కట్టుకునేవాడు. మీవాళ్ళు మా సందులోకి లాఠీలు ముందుపెట్టుకుని వస్తారంటే, వాళ్ళను అట్లా భయపెట్టింది నేనే.

పద్నాలుగో తారీఖు బండి పంపకు. ఎవరి ముందైనా వచ్చి ఇదే చెప్తాను.

ఏసుపాదం


కోదాడ,
19 ఆగస్టు 2025

మామయ్యకు,

మేజిస్ట్రేట్‌కు ఇచ్చిన దరఖాస్తు వెనక్కి తీసుకున్న.

ఇరవై ఐదో తారీఖు పొద్దున పదకొండు గంటలకు నీ పెట్టె తీసుకుని మా డీఎస్పీ గారి ముందుకు రావాలి. వాంగ్మూలం రాసి సంతకం పెట్టాలి. అమ్మ మీద కేసు రాదు, అడిగి తెలుసుకున్న. నీ సంగతి మాత్రం చెప్పలేను. అన్న విషయం కాబట్టి ఆ రోజు నేను ఆ గదిలో ఉండకూడదు. ఉండను.

ఈ కత్తులన్నీ లెక్కలో చూపించే ఔట్‌పోస్టు అడిగినరని ఫైల్‌లో చూసిన. దాన్ని ఆపడానికి నేను ఆరుసార్లు రాసిన.

నేను గేటు తీయనియ్యలేదు.

వందన


సూర్యాపేట,
23 సెప్టెంబర్ 2025

చిరంజీవి వందనకు,

నీ పోయిన ఉత్తరం కింద "నీ కోడలు" లేదు. గమనించాను. అడగడం లేదు.

డీఎస్పీ గారి గదిలో ఏం జరిగిందో నీకు తెలిసే ఉంటుంది. అయినా చెప్పకుండా ఉండలేను. పెట్టె తెరిచి కాగితాలు బల్ల మీద పరిచాను. ఆయన ఒక్కొక్కటీ చదివాడు. మేక కాగితం దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత తలెత్తి, చెవిటివాణ్ణని ఎవరో చెప్పినట్టున్నారు, గట్టిగానే అన్నాడు.

"పెద్దాయనా, అబద్ధపు ఫిర్యాదు రాయడం నేరమని తెలుసా?"

"తెలుసు సార్. ఆ సెక్షన్ కింద కూడా దరఖాస్తులు నేనే రాసేవాణ్ణి" అన్నాను.

ఆయన నవ్వలేదు. కిటికీ దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వి, దగ్గినట్టు చేశాడు. వాంగ్మూలం నా చేత్తోనే రాసిచ్చాను. మూడు పేజీలు. నా జీవితంలో కత్తి లేకుండా రాసిన కాగితం అదొక్కటే అనుకుంటాను. చదివి చూస్తే చప్పగా ఉంది.

నా మీద ఏం చేస్తారో ఇంకా చెప్పలేదు. మళ్ళీ పిలుస్తారట. నాకు డెబ్బై నాలుగు. తొందరగా పిలవమన్నాను. సాంసన్ పేరు జాబితాలోంచి తీశారు. తక్కిన పదిహేను ఇళ్ళు పరిశీలనలో ఉన్నాయన్నారు. ఆ మాట నేను బల్లకు ఇటుపక్క కూర్చుని ముప్పై ఒక్క ఏళ్ళు విన్నాను. దానికి ఎన్ని నెలలు పడుతుందో నాకు తెలుసు. ఆ ఇళ్ళకు నర్సు ఇప్పటికీ జీపుతోనే పోతున్నది. పోతే ఎవరూ తలుపు తీయడం లేదు.

ఉషారాణి మనింటికి మంగళవారం, శుక్రవారం ఒక్కతే వస్తున్నది. మొదటి మూడుసార్లు మీ అన్న బయటికి రాలేదు. నాలుగోసారి ఆమె లోపలికి పోకుండా, వీధి నల్లా విప్పి చేతులు కడుక్కుని, కట్టేయకుండా వచ్చి అరుగు మీద కూర్చుంది. వాడు వచ్చి నల్లా కట్టేశాడు. కట్టేశాక ఆమె పక్కన కూర్చున్నాడు. ఒకరోజు మాత్ర మింగుతాడు, ఒకరోజు ఉమ్మేస్తాడు. కాలి పుండ్లు మానాయి. మణికట్టు ఇక సరికాదని చెప్పింది.

మొన్న ఆదివారం నువ్వు వచ్చావు. ఎస్తేరు చెప్పకముందే నాకు తెలుసు. నువ్వు మా ఇంటి దాకా వచ్చినప్పుడు నేను నిద్రపోవడం లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను, అంతే. చెవులు లేకపోయినా గడపలో మనిషి నిలబడితే గదిలో వెలుతురు తగ్గుతుంది కదా. చాలాసేపే నిలబడ్డావు. నేను లేవలేదు. నువ్వు కూడా లేపలేదు.

అక్కడ అన్నతో ఏం మాట్లాడావో, పోయేటప్పుడు మీ అమ్మతో ఏం చెప్పావో నాకు తెలియదు. ఆమె అరిచి చెప్పలేదు. నేనూ అడగలేదు.

నిన్న పొద్దున ఎస్తేరు ఎప్పటిలాగే బెండకాయలు గిన్నెలో వేసుకుని వచ్చింది. రేకుపెట్టె మీద కూర్చోలేదు. కత్తిపీట మడిచి, గిన్నెలో బెండకాయల మీద పెట్టుకుని, కొంగు కప్పకుండా వెళ్ళిపోయింది. నేను కర్ర పట్టుకుని వెనక మీ ఇంటి దాకా పోయి చూశాను. బెండకాయలు సాంసన్ కోశాడు. కొంచెం లావుగా కోశాడు.

మామయ్య,
ఏసుపాదం